ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సుకి ఫిట్‌నెస్ ఏం చూస్తారు? ఎత్తు 4 అడుగుల 11, కాలిలో రాడ్ ఉంది

సుజి_తణుకు
ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్ రాసే ఆలోచన లేదు, మళ్ళీ లాంగ్‌టర్మ్ కోచింగ్ అంటే ఇంట్లో అంత స్తోమతా లేదు. డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ) డిప్లొమాలో గానీ బీఎస్సీ ఇమేజింగ్‌లో గానీ చేరదామనుకుంటున్నాను. చిక్కేమిటంటే నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. స్కూటీ వెనక కూర్చుని పడిపోయినప్పుడు కుడికాలిలో రాడ్ వేశారు, ఇంకా తీయలేదు. కళ్ళద్దాలు మైనస్ ఐదు. ఒక కాలేజీకి ఫోన్ చేసి అడిగితే "అవేమీ అక్కర్లేదమ్మా, ఫీజు కట్టి చేరిపో" అన్నారు. అంత తేలిగ్గా చెప్పేసరికి అనుమానం ఇంకా పెరిగింది. మా మేనత్తదేమో రేడియేషన్‌లో పనిచేసే పిల్లని ఎవరు చేసుకుంటారని ఒకటే గోల. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. ఒళ్ళు ఎలా ఉండాలి, ఒళ్ళు కాక ఇంకేం ఉండాలి?

నైట్‌డ్యూటీ_నాని
మైనస్ ఐదుకే కంగారా? మా డిపార్ట్‌మెంట్‌లో కళ్ళద్దాలు లేనిది వీల్‌చైర్ ఒక్కదానికే.

పాత_ఫిల్మ్
అమ్మాయ్, నేను జిల్లా ఆస్పత్రిలో రేడియోగ్రాఫర్‌గా చేసి రిటైరయ్యాను. డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ కడిగే హైపో మందు వాసన పీల్చిన బాపతు. ఇన్ని సెంటీమీటర్లు ఉంటేనే సీటిస్తామన్న రూలు నేనెక్కడా చూడలేదు. అద్దాలు పెట్టుకుని మానిటర్ మీద, రిక్వెస్ట్ ఫారం మీద సరిగ్గా చదవగలిగితే చాలు.

ఈ పని అడిగేది నడుము. బయట జనం మేం బటన్ నొక్కి జీతం తీసుకుంటామనుకుంటారు. రాత్రి రెండింటికి లారీ గుద్దిన కేసు వస్తుంది. తొంభై కిలోల మనిషి, తుంటి విరిగి ఉంటుంది, కదిలిస్తే కేకలు. స్ట్రెచర్ మీంచి టేబుల్ మీదికి మార్చడానికి నలుగురు కావాలి. ఉండేది నువ్వూ, బంధువొకడూ. వార్డ్‌బాయ్ ఎక్కడున్నాడో దేవుడికే తెలియాలి. తర్వాత ఆ మనిషి కింద ఫిల్మ్ ఉండే క్యాసెట్ పెట్టాలి, తీయాలి, మళ్ళీ పక్కకి తిప్పాలి. మా బ్యాచ్‌లో రేడియేషన్ వల్ల జబ్బు పడ్డవాడు ఒక్కడూ లేడు. నడుము పట్టీ కట్టుకోనివాడూ లేడు.

వరంగల్_వాసు
బాబాయ్ చెప్పింది కరెక్టే కానీ ఎత్తు అసలు లెక్కే కాదంటే ఒప్పుకోను. చెస్ట్ పీఏ (వెనకనుంచి తీసే ఛాతీ ఎక్స్‌రే) తీయాలంటే ఎక్స్‌రే ట్యూబ్‌ని స్టాండ్‌కి ఆరడుగుల దూరంలో పెట్టి, పేషెంట్ ఛాతీ ఎత్తుకి లేపాలి. పొడుగు మనిషి వస్తే ట్యూబ్ నా తల మీదికి పోతుంది. కొత్త డీఆర్ (డిజిటల్ ఎక్స్‌రే) రూముల్లో బటన్ నొక్కితే మోటరే లేపుతుంది. చిన్న ఊళ్ళ సెంటర్లలో ఇంకా చేత్తో లాక్ విప్పి తోసే స్టాండులే. ఆ లాక్ బిగుసుకుపోయి ఉంటే నా అంత ఉన్నవాడికే చెమటలు పడతాయి.

సీటీ_శ్రీలత
నా ఎత్తు సరిగ్గా ఐదడుగులు. రూములో ఒక స్టెప్ స్టూల్ ఉంటుంది, పేషెంట్లు టేబుల్ ఎక్కడానికి. అదే నాకూ పనికొస్తుంది. వాసూ గారూ, పొట్టివాళ్ళకి పని కాదనుకుంటే విజయవాడలో సగం సీటీ రూములు మూసేయాలి, మా బ్యాచ్ అమ్మాయిలంతా నా ఎత్తే.

సుజీ, ఎత్తడానికి బలం కంటే పద్ధతి ముఖ్యం. ముందు స్ట్రెచర్ చక్రాలు లాక్ చెయ్యాలి. టేబుల్‌ని స్ట్రెచర్ ఎత్తుకి, వీలైతే ఒక పిసరు కిందికి దించాలి. పేషెంట్ కింద దుప్పటి చుట్ట చుట్టి, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, ముగ్గురూ ఒకే మాట మీద లాగాలి. లేపకూడదు, జార్చాలి. స్లైడింగ్ బోర్డు ఉంటే ఇంకా హాయి. నడుము వంచి చేతుల్తో ఎత్తే మగవాళ్ళే ముందు పడుకుంటారు, చూస్తూ ఉండు.

వరంగల్_వాసు
సరే అక్కా, స్టూల్ దగ్గర ఓడిపోయినం. కానీ చేరేముందు ఆ కాలేజీ ఏ ఆస్పత్రికి పంపుతుందో పోయి చూసుకోమనండి. అక్కడి మెషీన్ పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి రెండేళ్ళు ఎట్ల గడుస్తయో తెలుస్తది.

సుజి_తణుకు
థాంక్యూ అక్కా. నిలబడటం నాకు ఇబ్బంది లేదు, పెళ్ళిళ్ళలో మా బాబాయి క్యాటరింగ్‌కి సాయం వెళ్తుంటాను, పొద్దున్నుంచి రాత్రిదాకా కాళ్ళ మీదే. రాడ్ సంగతి ఎవరైనా చెప్పరా? ఎంఆర్‌ఐ రూములోకి వెళ్తే లాగేస్తుందని మా ఫ్రెండ్ భయపెడుతోంది.

నైట్‌డ్యూటీ_నాని
లాగితే మంచిదేగా, ఆపరేషన్ ఖర్చు లేకుండా రాడ్ బయటికొస్తుంది 😄

అయస్కాంతం
నాని మాట పక్కన పెట్టు. ఎముకలో వేసే రాడ్లు ఎక్కువగా టైటానియం లేదా ఇంప్లాంట్లకి వాడే రకం స్టీలు. ఇవి గుండుసూదిలా అయస్కాంతానికి ఎగిరిపోవు. పైగా ఎముకలో బిగించి ఉన్నది. అయినా "అందరూ అంటున్నారు" అని లోపలికి వెళ్ళకూడదు. నీ డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడు. ఇంప్లాంట్ కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్ చాలాసార్లు దానికో కేస్‌షీట్‌కో అంటించి ఉంటుంది. దాన్ని ఫోటో తీసి దాచుకో. ఎంఆర్‌ఐ పోస్టింగ్ (ఆస్పత్రిలో పని నేర్చుకునే వంతు) మొదటిరోజే అక్కడి ఇన్‌ఛార్జికి చూపించు, రేడియాలజిస్టు (స్కాన్లు చూసి రిపోర్ట్ ఇచ్చే డాక్టర్) సరే అన్నాకే లోపలికి.

నిజంగా ఇబ్బందయ్యేది పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో పాత రకం క్లిప్పు, కంటిలో ఇనుప రజను ఉన్నవాళ్ళకి. అలాంటివాళ్ళు ఎక్స్‌రే, సీటీ రూముల్లో పని చేసుకోవచ్చు, మ్యాగ్నెట్ రూముకి దూరంగా ఉండాలి. వినికిడి మెషీన్ ఉన్నవాళ్ళు దాన్ని బయట తీసి పెట్టి వెళ్ళాలి.

ఇంకోటి. స్కాన్ నడవకపోయినా మ్యాగ్నెట్ ఆన్‌లోనే ఉంటుంది, రాత్రీ పగలూ. ముంబైలో 2018 జనవరిలో పేషెంట్ బంధువు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్ళాడు, మ్యాగ్నెట్ లాగేసుకుంది, మనిషి చనిపోయాడు. కాబట్టి ఈ ఉద్యోగంలో గొంతు కూడా కావాలి. గుమ్మం దగ్గర నిలబడి ఎంత పెద్ద డాక్టర్నైనా "సార్, జేబులో తాళాలు తీయండి" అని ఆపగలగాలి.

రంగుల_రాట్నం
నాకు ఎరుపు ఆకుపచ్చ సరిగ్గా తేడా తెలియదు. ఎక్స్‌రే, సీటీ అంతా నలుపు తెలుపే కదా అని ఈ లైన్‌కి వచ్చాను, ఇంతవరకు పని ఆగలేదు. కానీ రైల్వే లాంటి నోటిఫికేషన్లలో పోస్టు పక్కన మెడికల్ స్టాండర్డ్ అని విడిగా రాస్తారు, కంటి పరీక్ష వాళ్ళ లెక్కలో జరుగుతుంది. గవర్నమెంట్ ఉద్యోగం మీద ఆశ ఉన్నవాళ్ళు మైనస్ ఐదైనా, రంగులు తెలియకపోయినా ముందే ఆ కాలమ్ చదువుకోండి. కోర్సుకి అడ్డం రానిది ఉద్యోగానికి రావచ్చు.

భీమవరం_బుల్లోడు
అందరూ అసలు సంగతి దాటేస్తున్నారు. రేడియేషన్! మా వీధిలో ఎక్స్‌రే ఆయనకి నలభై ఏళ్ళకే బట్టతల. పిల్లలు కూడా లేటుగా పుట్టారు.

నైట్‌డ్యూటీ_నాని
మా నాన్నకి ముప్పై అయిదుకే బట్టతల. ఆయన ఎల్‌ఐసీ ఏజెంట్.

మిల్లీసీవర్ట్
మా ఆస్పత్రిలో రేడియేషన్ సేఫ్టీ నేనే చూస్తాను కాబట్టి అంకెలతో చెప్తాను. ఏఈఆర్‌బీ (దేశంలో రేడియేషన్ భద్రత చూసే అణుశక్తి నియంత్రణ మండలి) లెక్క ప్రకారం రేడియేషన్‌లో పనిచేసేవాళ్ళకి వరుస ఐదేళ్ళ సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ డోసు కొలత) దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మామూలు జనానికి పరిమితి ఏడాదికి 1. మట్టిలోంచి, ఆకాశంలోంచి, తినే తిండిలోంచి మనిషికి ఊరికే వచ్చేది ప్రపంచ సగటున ఏటా 2.4. గోడ వెనక కన్సోల్ (మెషీన్ నడిపే బల్ల) దగ్గర నిలబడి చేసేవాడి డోసు కొలిచే బ్యాడ్జీలో చాలాసార్లు చెప్పుకోదగ్గ రీడింగే రాదు. ఎక్కువొచ్చేది క్యాథ్‌ల్యాబ్‌లో (గుండె రక్తనాళాల పరీక్షలు చేసే గది), ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్ (అక్కడికక్కడే ఎక్స్‌రే చూపించే మెషీన్) పక్కన. అక్కడ లెడ్ ఏప్రాన్, మెడకి థైరాయిడ్ కాలర్ వేసుకుని గంటలు నిలబడాలి. అర మిల్లీమీటర్ లెడ్‌కి సమానమైన నిండు ఏప్రాన్ ఐదారు కిలోలు ఉంటుంది. నడుము గురించి పాత ఫిల్మ్ గారు చెప్పింది ఇక్కడ మళ్ళీ గుర్తు చేసుకోండి.

పోర్టబుల్ (మంచం దగ్గరికి తోసుకెళ్ళే మెషీన్) ఎక్స్‌రే తీసేటప్పుడు స్విచ్ తీగ కనీసం రెండు మీటర్లు ఉండాలి. ఆ తీగ పూర్తిగా లాగి దూరం జరగండి. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకి పడిపోతుంది. బద్ధకించి మెషీన్ పక్కనే నిలబడి నొక్కేవాళ్ళని రోజూ చూస్తున్నాను.

సుజీ, నీ వయసెంత? ఇది కాలేజీవాళ్ళు చెప్పరు. 18 నిండనివాళ్ళని రేడియేషన్ పనిలో పెట్టకూడదు. శిక్షణలో ఉన్న 16-18 ఏళ్ళవాళ్ళకి పరిమితి ఇంకా తక్కువ, ఏడాదికి 6.

సుజి_తణుకు
నాకు 17 నడుస్తోంది సార్. అంటే చేరకూడదా?

మిల్లీసీవర్ట్
చేరొచ్చమ్మా. మొదట్లో ఎలాగూ అనాటమీ, ఫిజియాలజీ, ఫిజిక్స్ క్లాసులే. పోస్టింగులు మొదలయ్యేసరికి నీకు 18 వస్తాయి. ఈలోగా ఎవరైనా నిన్ను ఒంటరిగా ఎక్స్‌పోజర్ ఇమ్మంటే ఇవ్వకు.

గుంటూరు_మిర్చి
బ్యాడ్జీ మాటెత్తారు కాబట్టి నా కడుపుమంట వినండి. నేను చదివిన కాలేజీ పేరు చెప్పను. పోస్టింగులో ఉన్నన్నాళ్ళూ మాకు టీఎల్‌డీ బ్యాడ్జీ (ఆ డోసు కొలిచేదే) ఇవ్వలేదు. అడిగితే "స్టూడెంట్లకి ఎందుకు, స్టాఫ్‌కే సరిపోవట్లేదు" అన్నారు. పిల్లల ఎక్స్‌రే వస్తే పట్టుకోవడానికి మమ్మల్నే నిలబెట్టేవాళ్ళు, రోజూ వచ్చేది మేమే కదా. అసలు పద్ధతి ప్రకారం తల్లో తండ్రో ఏప్రాన్ వేసుకుని పట్టుకోవాలి, ఆ తల్లి గర్భిణి కాదని అడిగాక. చేరేముందు సుజి అడగాల్సిన మొదటి ప్రశ్న "ఫీజు ఎంత" కాదు, "స్టూడెంట్లకి బ్యాడ్జీ ఇస్తారా" అని. నసిగితే ఇంకో కాలేజీ చూసుకో.

వరంగల్_వాసు
మిర్చి చెప్పిందానికి పదింతలు ఓటు.

పాత_ఫిల్మ్
బ్యాడ్జీ ఉన్నవాళ్ళు పెట్టుకునే తీరు ఇంకో కథ. ఛాతీ దగ్గర, ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. మా దగ్గర ఒకాయన దాన్ని ఏప్రాన్‌కే గుచ్చి, ఏప్రాన్‌ని ఎక్స్‌రే రూములోపలి కొక్కేనికే తగిలించి ఇంటికి పోయేవాడు. మూడు నెలలకి బ్యాడ్జీలోని కార్డు రీడింగ్‌కి వెళ్ళింది. ఇంత డోసు ఎలా వచ్చిందో వివరం రాయమని లెటర్ వచ్చింది. ఆయన రెండు రోజులు అన్నం మానేశాడు, ఇంట్లో ఏడుపులు. తీరా చూస్తే డోసు తిన్నది కొక్కెం.

ఏప్రాన్‌ని మడత పెట్టి కుర్చీలో వేసినా తప్పే. లోపల లెడ్ పగుళ్ళిస్తుంది, బయటికి కనపడదు.

స్వాతి_ఇద్దరమ్మాయిలు
మేనత్త ప్రశ్నకి జవాబు నేను చెప్తాను. నేను ఈ ఉద్యోగం చేస్తూనే పెళ్ళి చేసుకున్నాను, ఇద్దరు పిల్లలు, ఇద్దరూ నన్ను పీక్కుతింటూ ఆరోగ్యంగా ఉన్నారు. గర్భం అని తెలియగానే రాతపూర్వకంగా చెప్పాలి. అప్పట్నుంచి కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్ట్ దాటకుండా డ్యూటీ మార్చి ఇవ్వడం వాళ్ళ బాధ్యత, ఉద్యోగంలోంచి పొమ్మనడానికి అది కారణం కాకూడదు. నన్ను సీ-ఆర్మ్, పోర్టబుల్ నుంచి తీసి కన్సోల్‌కి, రిపోర్టుల కౌంటర్‌కి వేశారు. దాచిపెట్టి ఆరో నెలలో చెప్పే పిల్లలున్నారు, అది మాత్రం వద్దు.

పెళ్ళిచూపుల్లో "రేడియేషన్ అంట కదా" అన్న పెళ్ళికొడుకు ఒకడున్నాడు. వాడు రోజూ సిగరెట్టు పెట్టె ఖాళీ చేస్తాడని తర్వాత తెలిసింది.

భీమవరం_బుల్లోడు
సరే సరే, బట్టతల వెనక్కి తీసుకుంటున్నా. ఇంతకీ అల్ట్రాసౌండ్ కూడా నేర్పుతారా ఈ కోర్సులో? దాంట్లో డబ్బులుంటాయంట.

సీటీ_శ్రీలత
సబ్జెక్టులో ఉంటుంది, మెషీన్ గురించి చదువుతాం. కానీ మన దేశంలో గర్భిణులకి స్కాన్ చెయ్యాలంటే పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో ఆడా మగా అని చెప్పడాన్ని నిషేధించేది) కింద అర్హత ఉన్న డాక్టరే చెయ్యాలి, సెంటర్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి. టెక్నీషియన్ ప్రోబ్ పట్టుకుంటే కేసే. "డాక్టర్ గారు లేరు, నువ్వే చూసి పంపించు" అనే ఓనర్లు తగులుతారు. ఆ మాట విన్న రోజే ఇంకో ఉద్యోగం వెతుక్కో.

లీడ్స్_లలిత
ఇక్కడ ఇంగ్లండ్‌లో సోనోగ్రాఫర్లలో (అల్ట్రాసౌండ్ స్కాన్ చేసేవాళ్ళు) చాలామంది రేడియోగ్రాఫర్లుగా మొదలుపెట్టి, విడిగా పీజీ స్థాయి కోర్సు చేసినవాళ్ళే. అందుకే ఇండియా నుంచి వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోతారు. బయటికి రావాలనుకుంటే డిగ్రీ చెయ్యండి. హెచ్‌సీపీసీ (ఇక్కడ ఆరోగ్య వృత్తులవాళ్ళని నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా రేడియోగ్రాఫర్ అన్న పేరే పెట్టుకోకూడదు, డిప్లొమాతో దాన్ని సాధించడం చాలా కష్టం. ఇక్కడి యూనివర్సిటీల్లో చేరేటప్పుడు ఆక్యుపేషనల్ హెల్త్ చెక్ ఉంటుంది, టీకాలు, పోలీస్ రికార్డు చూస్తారు. వైకల్యం ఉందని చెప్పినంత మాత్రాన తీసెయ్యరు, ఏం సర్దుబాటు చేస్తే పని చేయగలరో అడుగుతారు.

వరంగల్_వాసు
డిప్లొమాని అంత తీసెయ్యొద్దు. రెండేళ్ళలో చేతికి పని వస్తది, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉంటే గవర్నమెంట్ రేడియోగ్రాఫర్ నోటిఫికేషన్లకు పెట్టుకోవచ్చు. బీఎస్సీ అంటే మూడేళ్ళు, మీద ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంట్లో పరిస్థితి చూసుకోవాలె కదా. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కూడా డిప్లొమాని రద్దు చేయలేదు, రెండేళ్ళకు తగ్గకుండా 2000 గంటలు ఉండాలని చెప్పింది.

లీడ్స్_లలిత
తీసెయ్యట్లేదు తమ్ముడూ, బయటికి రావాలంటే అన్నాను. అదే చట్టం 3600 గంటల డిగ్రీ ఉన్నవాళ్ళని హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అంటోంది, డిప్లొమావాళ్ళని అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అంటోంది. మెట్టు తేడా ఉంది కదా.

గుంటూరు_మిర్చి
మెట్టు ఏదైనా ప్రైవేట్ సెంటర్‌లో మొదటి జీతం చూస్తే ఇద్దరూ ఒకే మెట్టు మీద కూర్చుని ఏడుస్తారు.

మోడరేటర్
జీతాల చర్చకి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ ఫిట్‌నెస్, అర్హతల సంగతే మాట్లాడండి.

పాత_ఫిల్మ్
ఒళ్ళు కాక ఇంకేం ఉండాలని అమ్మాయి అడిగింది, దానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను చూసింది చెప్తాను.

పేరు పిలిచి ఊరుకోకూడదు. "లక్ష్మీ" అంటే వరండాలో ముగ్గురు లేస్తారు. ఇంటిపేరు, వయసు, ఓపీ నంబరు, ఏ చెయ్యి నొప్పో పేషెంట్ నోటితోనే చెప్పించాలి. "కుడిచెయ్యేనా?" అంటే అందరూ ఊఁ అంటారు. "ఏ చెయ్యి?" అనడగాలి. ఎల్, ఆర్ మార్కర్ ఎక్స్‌పోజర్‌కి ముందే పెట్టాలి. తర్వాత కంప్యూటర్‌లో పెడదాంలే అనుకున్న రోజునే ఎడమ కుడి అవుతుంది, ఆ ఫిల్మ్ పట్టుకుని సర్జన్ కత్తి పడతాడు.

ఆడపిల్ల వస్తే నెలసరి తేదీ అడగాలి. పక్కన అత్తగారో అన్నగారో నిలబడి ఉంటారు, వాళ్ళ ముందు అడిగితే నిజం రాదు. "బట్టలు మార్చుకోవాలమ్మా" అని లోపలికి తీసుకెళ్ళి అడుగు. ఈ విషయంలో ఆడ టెక్నీషియన్లది పైచేయి, మేం ఎంత మర్యాదగా అడిగినా తలొంచుకునేవాళ్ళు.

ఇంక, ఫిల్మ్‌లో ఏం కనిపించినా మొహం మారకూడదు. క్యాన్సర్ మచ్చలాంటిది కనిపిస్తుంది. పేషెంట్ నీ మొహమే చూస్తుంటాడు. రిపోర్ట్ చెప్పేది రేడియాలజిస్టు, మనం కాదు. అలాగని ప్రమాదం కనిపిస్తే కవర్‌లో పెట్టి పంపెయ్యకూడదు. వెంటనే లేచి వెళ్ళి డాక్టర్‌కి చెప్పాలి.

నైట్‌డ్యూటీ_నాని
జోకులు ఆపి ఒకటి చెప్తా. ఫోన్. తలలో మేకు దిగిన ఎక్స్‌రే వచ్చిందని మా జూనియర్ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, మూలన పేషెంట్ పేరు కనపడుతూనే ఉంది. మర్నాడు ఆ ఊరి సర్పంచ్ దగ్గరికి చేరింది. వాడి ఉద్యోగం సాయంత్రానికి పోయింది.

సీటీ_శ్రీలత
సీటీలో స్కాన్ స్పష్టంగా రావడానికి అయోడిన్ మందు ఎక్కించేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కినట్టు ఉంటుందని ముందే చెప్పాలి, లేకపోతే లేచి పారిపోతారు. ఆస్తమా ఉందా, ఇంతకుముందు పడలేదా, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఎంత, అన్నీ అడిగాకే. ఒకసారి మందు వెళ్ళిన రెండు నిమిషాలకి ఒకాయనకి పెదాలు వాచి, గొంతు బిగుసుకుంది. ఆ క్షణంలో కావాల్సింది చేతులు వణక్కుండా డాక్టర్‌ని పిలిచి, ఎమర్జెన్సీ ట్రే లాగి, ఆక్సిజన్ పెట్టడం. ఆయన బాగానే ఇంటికెళ్ళాడు. రక్తం చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు చేరేముందు ఒక రాత్రి క్యాజువాలిటీ దగ్గర కూర్చుని చూడండి.

అన్నట్టు సుజీ, హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పోస్టింగులకి ముందే పూర్తి చేసుకో. ఆరు నెలలు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టు.

సుజి_తణుకు
డిశ్చార్జ్ సమ్మరీ వెతికించాను, రాడ్ టైటానియం అనే ఉంది. టీకా సోమవారం వేయించుకుంటాను. రెండు కాలేజీలకి మళ్ళీ ఫోన్ చేసి బ్యాడ్జీ సంగతి అడిగాను. ఒకాయన "బ్యాడ్జ్ అంటే ఐడీ కార్డేగా, ఇస్తామమ్మా" అన్నాడు. రెండో చోట మూడు నెలలకోసారి మారుస్తామని, స్టూడెంట్లకి విడిగా ఫీజు తీసుకుంటామని చెప్పారు.

గుంటూరు_మిర్చి
రెండోదాంట్లో చేరు. ఫీజు తీసుకుంటే తీసుకోనీ. కానీ రీడింగ్ వచ్చాక నీ డోసు ఎంతో కాగితం మీద చూపించమని అడుగు.

కొత్తగా_చేరాను
నేను డిగ్రీ కామర్స్. ఆరు నెలల ఆన్‌లైన్ ఎక్స్‌రే టెక్నీషియన్ సర్టిఫికెట్ అని ఫేస్‌బుక్‌లో యాడ్ వచ్చింది, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేరొచ్చా?

పాత_ఫిల్మ్
ఆన్‌లైన్‌లో పేషెంట్‌ని పక్కకి ఎలా తిప్పుతావు బాబూ?

వరంగల్_వాసు
దానికి పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ ఇస్తారా అని యాడ్ కింద కామెంట్ పెట్టు తమ్మీ. నేను పెట్టిన, బ్లాక్ చేసిండ్రు.